వీణకు బుర్ర, స్టీల్ గిటార్‌కు కాళ్ళు

వీణలో మోగేది కుండ. దండికి ఎడమ చివర వేలాడే బుర్రకు ఆ నాదంలో దాదాపు వాటా లేదు. ఉత్తరాది రుద్రవీణకు రెండు వైపులా ఉండే పెద్ద బుర్రలు నిజంగానే నాదాన్ని పెంచుతాయి. మన సరస్వతీ వీణలో ఆ పని మొత్తం పనస కుండ తీసుకుంది కనక, బుర్రకు మిగిలిన పని ఆసరా ఇవ్వడం. వైణికుడు బాసింపట్టు వేసుకుని కూర్చుంటే కుడివైపు కుండ నేల మీద ఆనుతుంది, ఎడమ తొడ మీద బుర్ర ఆనుతుంది. ఆ రెండు ఆనికల మధ్య దండి నిలుస్తుంది. అందుకే బుర్ర ఏ పదార్థంతో చేసినా వీణకు అభ్యంతరం లేకపోయింది. ఒకప్పుడు ఎండబెట్టిన సొరకాయ. తరవాత కాగితపు గుజ్జుతో చేసి రంగులు వేసిన బుర్ర వచ్చింది. ఇప్పుడు ఫైబర్ బుర్రలూ ఉన్నాయి. ప్రయాణమైతే మర తిప్పి ఊడదీసి పెట్టెలో వేరే గూట్లో పెట్టుకుంటారు. ఒక్క మాటలో చెప్పాలంటే, వీణకు బుర్ర తేలికైన కాలు.

ఈ మాట పట్టుకుని మరో వాద్యం దగ్గరికి వెళ్ళాలని నా ప్రయత్నం. మన పాత సినిమా పాటల్లో హవాయిన్ గిటార్‌గా విన్న ఆ జారుడు నాదం చాలామందికి చెవికి తెలుసు, కంటికి తెలియదు. దాని విద్యుత్ రూపమే లాప్ స్టీల్. గిటార్‌ను ఛాతీకి ఆనించి కాక, తంత్రులు పైకి చూసేలా ఒడిలో పడుకోబెడతారు. ఎడమ చేత్తో మెట్ల మధ్య తంత్రిని నొక్కరు. నున్నటి ఉక్కు కడ్డీని తంత్రుల మీద ఆనించి జరుపుతారు. మెట్లు ఉండాల్సిన చోట గీతలు మాత్రం గీసి ఉంటాయి, అవి కంటికి గుర్తులే తప్ప తంత్రిని ఆపవు. పాత లాప్ స్టీల్ కొనుక్కున్నవాళ్ళు చాలామంది కొన్నాళ్ళకు అడిగే ప్రశ్న ఒకటుంది: దీనికి తేలికైన కాళ్ళు పెట్టించుకోవచ్చా? పైకి ఇది వడ్రంగి పనిలాగే కనిపిస్తుంది. నాకు మాత్రం ఆ వాద్యం స్వభావం మొత్తం ఆ ప్రశ్నలోనే ఉందనిపిస్తుంది. వీణను పక్కన పెట్టుకుని చూస్తే అది మరింత తేటపడుతుంది.

హవాయి దీవుల్లో ఓహూ ద్వీపానికి చెందిన లాయె ఊరివాడు జోసెఫ్ కెకుకు. 1889 ప్రాంతంలో, హోనొలులులోని కమేహమేహా బడిలో చదువుకుంటున్న వయసులో, తంత్రుల మీద లోహపు ముక్కను జారించి వాయించే పద్ధతిని ఒక కళగా తీర్చాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అంతకు కొద్దికాలం ముందే భారతదేశంలో పుట్టిన గేబ్రియల్ డేవియన్ అనే యువకుడు హోనొలులులో అలా వాయించాడన్న కథనమూ హవాయి సంగీత చరిత్రల్లో ఉంది. మన ఏకతంత్రి, విచిత్రవీణల జారుడు అతని చెవిలో ఉందా అన్న ఊహ మనకు ఇంపుగానే ఉంటుంది కానీ, దాన్ని ఊహగానే ఉంచడం మంచిది. కెకుకు 1904లో హవాయి వదిలి అమెరికా ప్రధాన భూభాగానికి వెళ్ళాడు. 1915లో సాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా పసిఫిక్ ప్రదర్శనలో హవాయి సంగీతం విన్నవాళ్ళు ఆ దేశమంతటా దాని మోజు పట్టించారు.

అప్పటికి అది చెక్క గిటారే. మన వీణకు కుండ ఎలాగో దానికి బోలు పెట్టె అలాగ, కాబట్టి ఒడి నిండా ఉండేది. 1932లో కథ మారింది. జార్జ్ బోషాం, అడాల్ఫ్ రికెన్‌బాకర్ల సంస్థ పోత అల్యూమినియంతో గుండ్రటి చిన్న ఒళ్ళు, పొడుగాటి మెడ ఉన్న విద్యుత్ గిటార్‌ను అమ్మకానికి తెచ్చింది. ఆకారాన్ని బట్టి జనం దానికి ఫ్రైయింగ్ పాన్ అని పేరు పెట్టారు. తంత్రి కంపనాన్ని అయస్కాంతమూ తీగచుట్టా పట్టుకుంటే, పెద్దది చేసే పని ఆంప్లిఫయర్‌ది. ఇక బోలు పెట్టెతో పనేముంది? గిబ్సన్, నేషనల్, సూప్రో, ఫెండర్ పేర్లతో తరవాతి ఇరవై ఏళ్ళలో వచ్చిన లాప్ స్టీళ్ళు చాలావరకు రెండున్నర నుంచి నాలుగు కిలోల పలకలు. వీణకు కుండ తీసేస్తే వీణ లేదు. ఈ వాద్యం మాత్రం తన కుండను వదిలేసుకుని బతికింది. వదిలేసుకున్నందుకు ఇంకో ఇబ్బంది తెచ్చుకుంది. ఒడిలో నిండుగా కూర్చునే బరువూ వెడల్పూ పోయి, తొడల మీంచి జారే పలక మిగిలింది.

ఇక్కడే రెండు వాద్యాలకూ అసలు తేడా బయటపడుతుంది. వీణకు ఇరవై నాలుగు స్థిరమైన మెట్లున్నాయి. ఆ అమరికను స్థిరపరిచిన కీర్తిని సంప్రదాయం తంజావూరు రఘునాథ నాయకుడికి కట్టబెట్టింది. తెలుగులో కావ్యాలు రాసిన రాజే ఆయన. మెట్లు దండి మీదే ఉన్నాయి కాబట్టి వీణ కాస్త కదిలినా మెట్లూ తంత్రీ కలిసే కదులుతాయి, స్వరం చెదరదు. వైణికుడి మోకాలు తాళంతో పాటు ఊగినా గాంధారం గాంధారంగానే ఉంటుంది. లాప్ స్టీల్‌లో అలా కాదు. స్వరస్థానం వాద్యం మీద లేదు, వాయించేవాడి చేతికీ వాద్యానికీ మధ్య ఉన్న దూరంలో ఉంది. రికెన్‌బాకర్ పొట్టి రకంలో మోగే తంత్రి పొడవు ఇరవై రెండున్నర అంగుళాలు, అంటే సుమారు 571 మిల్లీమీటర్లు. సరిగ్గా సగం దగ్గర, పై షడ్జం పలికే చోట, పక్క స్వరస్థానానికి దూరం 16 మిల్లీమీటర్లు. వాద్యం నిలువునా రెండు మిల్లీమీటర్లు ఊగిందంటే, చెయ్యి స్థిరంగా ఉన్నా, ఒక స్థానంలో ఎనిమిదో వంతు అపశ్రుతి పలికినట్టే. మంచి చెవి దాన్ని పట్టేస్తుంది.

మన వైపూ మెట్లులేని వీణ ఉంది కదా అంటే, ఉంది. గొట్టువాద్యం, ఈనాటి పేరు చిత్రవీణ. తిరువిడైమరుదూరు సఖారామరావు దాన్ని కచేరీ వేదిక మీదికి తెచ్చాడు, నారాయణ అయ్యంగార్ పెంచాడు, ఆయన మనవడు రవికిరణ్ లోకమంతా తిప్పాడు. ఆకారంలో వీణకు తోబుట్టువు, వాయింపులో లాప్ స్టీల్‌కు దగ్గరి చుట్టం. అయినా దాన్ని వీణలా తొడ మీద పెట్టుకోరు. వాయించేవాడి ముందు నేల మీద అడ్డంగా, కదలకుండా పడుకోబెడతారు. కారణం సంప్రదాయం ఒక్కటే కాదని నా నమ్మకం. మెట్లు తీసేసిన మరుక్షణం ఆ వాద్యానికి నేలంత నిలకడ కావలసి వచ్చింది. లాప్ స్టీల్‌కు కాళ్ళు ఎందుకన్న ప్రశ్నకు గొట్టువాద్యం మన పక్షాన ఎప్పుడో జవాబు చెప్పింది.

అయితే ఒడిని తక్కువ చెయ్యకూడదు. కూర్చున్న మనిషి తొడలు మంచి ఆధారమే. కండ మెత్తన, చిన్న చిన్న ఊపుల్ని మింగేస్తుంది. లాప్ స్టీల్‌లో నిలిచే స్వరానికి ప్రాణం పోసేది ఎడమ చేతి వైబ్రాటో. కడ్డీని తంత్రి వెంబడే ముందుకూ వెనక్కూ సన్నగా ఆడిస్తారు. స్టీల్ వాదకుడు జెర్రీ బర్డ్ చేతిలో అది ఎంత నెమ్మదిగా, ఎంత ఒద్దికగా సాగేదో వింటేనే తెలుస్తుంది. వీణలో గమకం తంత్రిని మెట్టు మీద అడ్డంగా లాగడంతో వస్తుంది. కాబట్టి వీణ మీద పడే బలం అడ్డంగా పడుతుంది, దాన్ని తొడా కుండా కలిసి కాస్తాయి. లాప్ స్టీల్ మీద పడే బలం నిలువునా పడుతుంది. కాళ్ళు సన్నగా, నిటారుగా ఉంటే ఆ వైబ్రాటోయే వాద్యాన్ని ఊపుతుంది, ఊగిన వాద్యం వైబ్రాటోని పాడుచేస్తుంది. ఒడిలో ఇది జరగదు. కాళ్ళు పెట్టాలనుకునేవాళ్ళు ఒడి ఇస్తున్న ఈ ఉపకారాన్ని ముందు గుర్తించాలి.

మరి కాళ్ళు ఎందుకు వచ్చాయి? అమెరికా నైరుతి రాష్ట్రాల డాన్సు హాళ్ళలో బాబ్ విల్స్ లాంటివాళ్ళ బృందాలు నిలబడి వాయించేవి. స్టీల్ వాయించేవాడు ఒక్కడే కుర్చీలో కూర్చుంటే వెనక వరసలో కనపడడు. ఇంకో కారణం సంగీతంలోపలిది. కడ్డీ తంత్రులన్నిటినీ ఒకే గీత మీద తాకుతుంది, కాబట్టి పలికే స్వరసమూహాలు శ్రుతి చేసిన తీరుకు లోబడే ఉంటాయి. పాట మధ్యలో శ్రుతి మార్చడం కుదరదు. అందుకని ఒకే ఒంటికి రెండు మెడలు, మూడు, నాలుగు. ఫెండర్ 1953లో తెచ్చిన స్ట్రింగ్‌మాస్టర్ అలాంటిదే. దాన్ని ఒడిలో పెట్టుకునే ప్రశ్న లేదు. మర తిప్పి బిగించే కాళ్ళు దానితోనే వచ్చేవి. 1954లో వచ్చిన వెబ్ పియర్స్ పాట ‘స్లోలీ’లో బడ్ ఐజాక్స్ స్వరం మోగుతుండగానే పెడల్ తొక్కి కొన్ని తంత్రులను మాత్రం లాగి పలికించాక, ఆ మార్గం పెడల్ స్టీల్ వైపు తిరిగిపోయింది.

ఇక్కడ వీణకూ పెడల్ స్టీల్‌కూ ఎవరూ పెద్దగా ఎత్తిచూపని చుట్టరికం ఒకటుంది. వైణికుడు ఒకే మెట్టు మీద తంత్రిని లాగి రెండు మూడు స్వరాలు తీస్తాడు. పెడల్ స్టీల్ వాదకుడూ కడ్డీ కదపకుండా తంత్రి బిగువు పెంచి స్వరం తీస్తాడు. ఒకరిది వేలితో లాగుడు, మరొకరిది పాదంతో లాగుడు. మొదటి స్వరం మోగుతుండగానే రెండో స్వరంలోకి కరిగే ఆ తీపి ఇద్దరిలోనూ ఒకటే. కానీ వీణ ఆ పని చెయ్యడానికి కొత్త అంగం ఏదీ తెచ్చుకోలేదు. స్టీల్ గిటార్ మాత్రం కాళ్ళనే తన యంత్రంలో భాగం చేసుకుంది. పెడళ్ళ పట్టీ ముందు కాళ్ళకే బిగించి ఉంటుంది, దాని నుంచి కడ్డీలు పైకి వెళ్ళి తంత్రులను లాగుతాయి. పెడల్ స్టీల్‌కు కాళ్ళు తీసేస్తే వాద్యం సగమే మిగులుతుంది.

అమెరికాలో స్టీల్ లేచి నిలబడితే, మన దేశానికి వచ్చి తిరిగి కూర్చుంది. 1940ల్లో టౌ మో అనే హవాయి వాదకుడి కుటుంబం కలకత్తాలో ఉండి ఈ గిటార్‌ను నాటింది. బ్రిజ్ భూషణ్ కాబ్రా దాన్ని హిందూస్తానీ రాగానికి ఒప్పించాడు. 1967 నాటి ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’లో శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువుల పక్కన వినపడేది ఆయన గిటారే. విశ్వమోహన్ భట్ దానికి తరఫ్ తంత్రులు చేర్చి మోహనవీణ అన్నాడు. మన వేదిక మీద గాయకుడి దగ్గర నుంచి మృదంగం దాకా అందరూ నేల మీదే కూర్చుంటారు. ఒక్క వాద్యం లేచి నిలబడాల్సిన అవసరమే రాలేదు. కాళ్ళు కావాలా వద్దా అన్నది చాలావరకు వాద్యం చుట్టూ ఉన్న మనుషులు కూర్చుంటారా నిలబడతారా అన్నదాన్ని బట్టే తేలుతుంది. మన వీణకూ ఈ మధ్య ఆ పరీక్ష వచ్చింది. మోకాళ్ళు సహకరించని వైణికులు కుర్చీలో కూర్చుని, వీణను స్టాండు మీద పెట్టి వాయించడం ఇప్పుడు వింత కాదు. దానివల్ల వీణ మర్యాద తగ్గిందని నేననుకోను.

పాతదానికి కొత్త అంగం తగిలించడం విషయంలో రెండు సంప్రదాయాల మనస్తత్వం పూర్తిగా వేరు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవాళ్ళు ఒకే పనస మొద్దు నుంచి కుండా దండీ కలిపి తొలిచే ఏకాండి వీణకు ఎంత విలువ ఉన్నా, దాని మెట్లను ఎవరూ శాశ్వతం అనుకోరు. మైనంలో నల్లపొడి కలిపి కరిగించి, దండి మీద వరస పోసి, అది గట్టిపడేలోగా ఒక్కో కంచు మెట్టును చెవితో సరిచూసుకుంటూ కూర్చోబెడతారు. వీణకు మేళం కట్టడమంటే ఇదే. కొన్నేళ్ళకు మైనం అరిగితే మళ్ళీ కట్టిస్తారు. బుర్ర పగిలితే కొత్తది వేస్తారు. తాతగారి వీణకు కొత్త మేళం కట్టించామని ఇంట్లోవాళ్ళు సంతోషంగా చెప్పుకుంటారు, అసలుదనం పోయిందని ఎవరూ బాధపడరు. పాత స్టీల్ గిటార్ల లోకంలో మాత్రం మొదటి మర, మొదటి పూత, మొదటి పెట్టె ఉన్నాయా అని చూస్తారు. కొత్తగా పడిన ఒక్క రంధ్రం ధరను దించేస్తుంది.

ఈ పట్టింపు వ్యాపారం కోసమే అని కొట్టిపారెయ్యలేను. 1935 నుంచి వచ్చిన రికెన్‌బాకర్ బేకలైట్ గిటార్‌నే తీసుకోండి. అల్యూమినియం వేదిక దీపాల వేడికి వ్యాకోచించి శ్రుతి తప్పుతోందని ఈ పదార్థానికి మారారు. బేకలైట్ పెళుసు. దాని అడుగున కాళ్ళ కోసం మర బిగిస్తే నెర్రె ఇచ్చే ప్రమాదం ఉంది, ఇచ్చిన నెర్రె మళ్ళీ అతకదు. సూప్రో లాంటి వాటి మీద ముత్యపు మెరుపుతో అంటించిన సెల్యులాయిడ్ పొర డ్రిల్లు తగిలితే అంచులు లేచి చిట్లుతుంది. చెక్కవాటిలోనూ అడుగున తీగల కోసం తొలిచిన గుంటల మీద మిగిలే చెక్క పలచన. అయినా వీణవాళ్ళ దృష్టే నాకు ఎక్కువ ఆరోగ్యంగా తోస్తుంది. వాద్యం ఉన్నది వాయించడానికి. అందుకు అవసరమైనది చేర్చుకోవాలి. రెండు దృష్టులూ కలిసే చోటు మన బుర్రలోనే ఉంది. ఆసరా వాద్యానికి తోడుగా ఉండాలి, వాద్యం ఒంట్లోకి దిగకూడదు, తీస్తే ఊడి రావాలి.

లాప్ స్టీల్ విషయంలో అది ఇలా ఉంటుంది. గిటార్ అడుగు ఆకారానికి సరిపడా పన్నెండు మిల్లీమీటర్ల బిర్చ్ ప్లైవుడ్ పలక. చుట్టూ వేలెడు ఎత్తు అంచు. కాళ్ళు పట్టే మరల గూళ్ళన్నీ ఈ పలక అడుగునే, గిటార్‌కు ఒక్కటీ ఉండదు. గిటార్ పలకలో కూర్చుంటుంది, రెండు తోలు పట్టీలు పట్టి ఉంచుతాయి. పలక లోపల పరిచేది ఉన్ని ఫెల్టు గానీ మందపాటి నూలు బట్ట గానీ కావాలి. రబ్బరు, వినైల్, ఫోమ్ వద్దు. పాత నైట్రోసెల్యులోజ్ లక్క పూతకు అవి తగిలి ఉంటే పూత మెత్తబడి, మచ్చపడి, అంటుకుపోతుంది. చాలామంది పాత గిటార్ల వెనక ఆ మచ్చలు పడింది స్టాండు రబ్బరు వల్లే.

ఇక కాళ్ళ తేలికదనం. అల్యూమినియం బరువు ఉక్కులో మూడో వంతు, సాగకుండా నిలిచే గుణమూ సుమారు మూడో వంతే. కాబట్టి ఉక్కు కాలి కొలతలోనే అల్యూమినియం కాలు చేయించుకుంటే తేలికవుతుంది, ఊగుతుంది. కొలత మార్చాలి. గొట్టం గోడ మందం అంతే ఉంచి అడ్డుకొలత రెట్టింపు చేస్తే బరువు రెట్టింపవుతుంది, వంగకుండా ఆగే శక్తి మాత్రం దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. పలచటి గోడ ఉన్న లావుపాటి అల్యూమినియం గొట్టం సన్నటి ఉక్కు కాలి కంటే తేలికగానూ గట్టిగానూ ఉండేది ఇందువల్లే. కాళ్ళు నిటారుగా కాక బయటికి వాలి ఉండాలి, ముఖ్యంగా గిటార్ పొడవు వెంబడి, వైబ్రాటో తోసేది అటే కనక. మూడు కాళ్ళు ఎగుడుదిగుడు నేల మీద కూడా తడబడకుండా నిలుస్తాయి, కానీ పక్కకు తగిలితే పడతాయి. నాలుగు కాళ్ళు అంత సులువుగా పడవు, కానీ అడుగున సర్దుకునే మరలు లేకపోతే కిటకిటలాడతాయి. కూర్చుని వాయించేవారికి మూడు, నిలబడేవారికి నాలుగు అని నా అభిప్రాయం. తేలికైన వాద్యం తేలికైన కాళ్ళ మీద ఉన్నప్పుడు ఆంప్లిఫయర్ తీగ ఎవరి కాలికైనా తట్టుకుంటే చాలు, మొత్తం బోర్లా పడుతుంది. ఆ తీగను వాద్యం కాళ్ళలో ఒకదానికి చుట్టి కిందికి దించుకోవాలి.

డ్రమ్ములవాళ్ళ స్నేర్ స్టాండు మీద లాప్ స్టీల్ పెట్టి వాయించేవాళ్ళూ ఉన్నారు. పని జరుగుతుంది. కానీ దాని చేతులకు తొడిగిన రబ్బరు నేరుగా పూతను తాకుతుంది, మధ్యలో బట్ట వెయ్యక తప్పదు. ఇంటికి సరే, ఊరూరా మోసుకెళ్ళేందుకు బరువు.

మీ చేతికి వచ్చిన పాత స్టీల్‌కు ఇంతకుముందు యజమాని ఎవరో రంధ్రాలు వేసి ఉంటే బాధపడకండి. వాటినే వాడుకుని కాళ్ళు బిగించుకోండి, అది ఆ వాద్యం చరిత్రలో భాగమే. వెయ్యకుండా ఉంటే మాత్రం డ్రిల్లు పక్కన పెట్టండి. ముందు కొన్నాళ్ళు ఒడిలోనే వాయించి, వైబ్రాటో ఎలా కూర్చుంటుందో మీ తొడల మీద తెలుసుకోండి. ఆ తరవాత పలక చేయించండి.